సంఘానికి ఇచ్చిన వివరాలు ఎవరి సొత్తు?
వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం గురించి సభ్యులు తెలుసుకొనవలసిన విషయాలు

పాల సంఘంలో చేరేటప్పుడు ఒకప్పుడు సభ్యుని అడిగినది పేరు, తండ్రి పేరు, పశువుల సంఖ్య, వాటాధనం మాత్రమే. సంతకం రానివారు వేలిముద్ర వేసేవారు. ఆ కాగితం సంఘం బీరువాలో ఉండేది, బీరువా తాళం కార్యదర్శి దగ్గర ఉండేది. ఈనాడు అదే సభ్యుడు ఆధార్ జెరాక్సు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ, సెల్ నంబరు, ఫోటో, నామినీ పేరు, నామినీ ఆధార్ కూడ ఇస్తున్నాడు. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కుతున్నవి. పూటపూటకు పోసిన పాల తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., వచ్చిన సొమ్ము కూడ అందులోకే చేరుతున్నవి. అక్కడినుండి యూనియనుకు, బ్యాంకుకు, పాల సేకరణ యంత్రం అమర్చిన కంపెనీకి పోతున్నవి.

ఈ వివరాలు ఎవరివి అని తనిఖీకి వెళ్ళిన గ్రామాలలో మేము సభ్యులను అడుగుతున్నాము. "సంఘానివే గదా" అనేవారు ఎక్కువ. "ప్రభుత్వానివి" అనేవారు కొందరు. "మావి" అనేవారు బహు తక్కువ. ఆ తక్కువ మంది చెప్పినదే సరైన జవాబు. దీనికి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి, పార్లమెంటు చేసిన చట్టం ఒకటి ఆధారంగా ఉన్నవి.

తీర్పు కథ ముందు చెప్పుకొనవలెను. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసిన శ్రీ కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. (వీరు ఆంధ్రప్రదేశ్ బి.సి. కమిషన్ అధ్యక్షులుగా కూడ పనిచేసినవారు.) అప్పటికి ఆధార్ సంఖ్యలు ఇవ్వడం మొదలై రెండేళ్ళు కావస్తున్నా దానికంటూ చట్టం లేదు. ఆధార్ చట్టం వచ్చినది 2016లో. చట్టం లేకుండ ప్రజల వేలిముద్రలు, కనుపాప గుర్తులు ఎట్లు సేకరిస్తారన్నది వారి ప్రశ్న. వ్యక్తిగత గోప్యత అనేది రాజ్యాంగంలో ప్రాథమిక హక్కే కాదని ప్రభుత్వం తరఫున వాదించారు. 1954, 1962 సంవత్సరాల పాత తీర్పులను చూపారు. అందువలన ఆ ఒక్క విషయం తేల్చడానికి తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని, అది 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పారు. పుట్టస్వామిగారు 2024లో తమ 98వ ఏట కన్నుమూశారు.

ఆధార్ చట్టం చెల్లునా అన్న అసలు వ్యాజ్యంలో 2018 సెప్టెంబరు 26న మరొక తీర్పు వచ్చినది. ప్రభుత్వ ఖజానా నుండి ఇచ్చే సబ్సిడీలకు, సంక్షేమ పథకాలకు ఆధార్ అడగవచ్చునని నలుగురు న్యాయమూర్తులు అన్నారు, ఒకరు విభేదించారు. బ్యాంకు ఖాతాకు, సెల్ నంబరుకు ఆధార్ జతచేయడం తప్పనిసరి అన్న నిబంధనను కొట్టివేశారు. 2019లో చట్టాన్ని సవరించి, ఇష్టపడినవారు వాటికి ఆధార్ వాడుకొనే వీలు కల్పించారు. పాల సభ్యులు ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు సబ్సిడీ కాదు. అది మీరు అమ్మిన సరుకు ధర. పశువుల కొట్టానికో దాణాకో ప్రభుత్వం ఇచ్చే సాయం వేరు, పాల డబ్బు వేరు. రెంటికీ ఒకే కాగితాల కట్ట అడగడం అలవాటైపోయినది.

ఇక చట్టం సంగతి. 2017లోనే జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన సంఘం వేశారు. 2018లో నివేదిక వచ్చినది, 2019లో బిల్లు పెట్టారు, 2022లో వెనుకకు తీసుకొన్నారు. చివరకు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పార్లమెంటులో నెగ్గినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించారు. సంస్థలు పాటించవలసిన ముఖ్య విధులకు 18 నెలల గడువు ఇచ్చారు. అనగా 2027 మే నెల నుండి అవి అమలు.

ఇంత పెద్ద చట్టం మన ఊరి సంఘానికి వర్తిస్తుందా అని కార్యదర్శులు మమ్ములను అడుగుతున్నారు. కాగితం మీద మాత్రమే ఉన్న రిజిస్టరుకు వర్తించదు. ఆ రిజిస్టరులోని వివరాలను కంప్యూటరుకో సెల్ ఫోనుకో ఎక్కించిన మరుక్షణం వర్తిస్తుంది. చేతిరాత పాల పుస్తకానికి లేని బాధ్యత యంత్రం పెట్టుకొన్న సంఘానికి ఉన్నది. ఈనాడు యంత్రం లేని సంఘాలలో కూడ కార్యదర్శి ఫోనులో సభ్యుల ఆధార్ ఫోటోలు ఉంటున్నవి కనుక తప్పించుకొనే దారి తక్కువ.

చట్టం సంఘం వంటి సంస్థను 'డేటా ఫిడ్యూషరీ' అంటున్నది. ఈ మాటను చూసి బెదరవలసిన పని లేదు. మన పల్లెలలో అమానతు అనే మాట ఉన్నది. ఊరికి పోతూ పొరుగువారి దగ్గర నగల మూట ఉంచితే అది వారిది కాదు, వారు పెట్టుకొని తిరుగరాదు, పోతే జవాబు చెప్పవలెను. ఫిడ్యూషరీ అంటే అట్టి అమానతుదారు. సభ్యుడు హక్కుదారు. యంత్రం అమర్చిన కంపెనీ సంఘం తరఫున పనిచేసే మనిషి వంటిది. ఆ కంపెనీ వలన వివరాలు బయటకు పొక్కినా, "మాకు తెలియదు, కంపెనీవారిని అడగండి" అనడానికి చట్టంలో చోటు లేదు. ఎందుకు సేకరించవలెను, ఎట్లు వాడవలెను అన్నది ఎవరు నిర్ణయించారో బాధ్యత వారిది. అది సంఘమా, యూనియనా అన్నది ఒప్పంద పత్రం చూస్తే గాని తేలదు. మేము అడిగినప్పుడు చాల సంఘాలు బిల్లు రసీదు చూపుతున్నవి గాని ఒప్పందం చూపలేకపోతున్నవి.

అమానతుదారు చేయవలసినది ఏమి? ఏయే వివరాలు తీసుకొంటున్నారో, ఎందుకు తీసుకొంటున్నారో సభ్యునికి ముందుగా తెలియజేయవలెను. ఈ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో కోరినదానిలో గాని పొందే హక్కు సభ్యునికి కలదు. అనగా తెలుగులో అడిగి తీసుకొనవచ్చును. చట్టం రాకముందు వివరాలు ఇచ్చిన పాత సభ్యులకు కూడ నోటీసు ఇవ్వవలసి ఉన్నది.

తరువాత, సమ్మతి. అది స్వేచ్ఛగా, తెలిసి, ఫలానా పనికి అని ఇచ్చినది కావలెను. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఫోను ద్వారా వైద్యం చేసే ఒక యాప్, వైద్యానికి కావలసిన వివరాలతోపాటు ఫోనులోని నంబర్ల జాబితా కూడ చూడనివ్వమని అడిగినది, రోగి రెంటికీ సరే అన్నాడు. అయినా ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుంది, నంబర్ల జాబితాకు చెల్లదు. వైద్యానికి దానితో పని లేదు గదా. దీనినే మన సంఘానికి అన్వయించండి. బిల్లు జమ చేయడానికి ఖాతా నంబరు కావలెను. దాణా అమ్మే కంపెనీకి మీ సెల్ నంబరు అందజేయడం బిల్లు జమకు అవసరం కాదు. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసుకొనవచ్చును, ఇచ్చినంత సులభంగా తీసుకొనే ఏర్పాటు ఉండవలెను.

సభ్యుడు తన వివరాలు చూపమని అడగవచ్చును, తప్పులు దిద్దించవచ్చును, పని తీరిపోయినవాటిని తుడిచివేయమనవచ్చును. సభ్యత్వ రిజిస్టరు, వాటాల లెక్క వంటివి సహకార చట్టం ప్రకారం ఉంచవలసినవి కనుక వాటిని తుడిచివేయమంటే కుదరదు. కాని మూడేళ్ళ క్రితం ఋణం మంజూరుకని తీసిన ఆధార్ ఫోటో గుమాస్తా ఫోనులో ఇంకా ఎందుకు ఉండవలెను? వాటాకు నామినీని పెట్టుకొన్నట్లే, తన తదనంతరం ఈ హక్కులు నడపడానికి కూడ ఒకరిని నియమించుకొనవచ్చును. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండవలెను. సభ్యుల పిల్లలకు ప్రోత్సాహక బహుమతులు ఇచ్చే సంఘాలు మార్కుల జాబితాలు, ఫోటోలు పుచ్చుకొనే ముందు దీనిని గుర్తుంచుకొనవలెను.

లెక్కలు దాచడానికి ఇది సాకు కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. "కొత్త చట్టం వచ్చినది, లెక్కలు చూపరాదు" అనే మాట కొన్నిచోట్ల అప్పుడే మా చెవిన పడినది. ఇది పొరపాటు, కొన్ని సందర్భాలలో పొరపాటు కూడ కాదు, యుక్తి. సంఘం జమాఖర్చు, దాణా కొనుగోలు, రవాణా ఖర్చు, ఆడిట్ నివేదిక ఏ వ్యక్తి సొంత వివరాలూ కావు. మహాజన సభలో వాటిని చదివి వినిపించవలసినదే. పాలు పోసేచోట తూకం, వెన్న శాతం అందరికీ కనిపించేటట్లు ఉండడం మన సంఘాలలో దొంగతనానికి తొలినుండి ఉన్న అడ్డుకట్ట. దానిని మూయమని ఏ చట్టమూ చెప్పలేదు. చేయకూడనిది ఏదంటే, బిల్లు పడినదని తెలియజేయడానికి సభ్యుల ఖాతా నంబర్లు, సొమ్ము, ఆధార్ సంఖ్యలతో గల జాబితా మొత్తం వాట్సాప్ గ్రూపులో పెట్టడం. సౌకర్యానికి చేస్తున్నారు, దురుద్దేశం లేదు. కాని ఆ గ్రూపులో ఎవరున్నారో, ఆ జాబితా ఎన్ని చేతులు మారుతున్నదో ఎవరికీ తెలియదు.

ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును కూడ మార్చినది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాహితం ఉంటే ఇవ్వవలెనన్న పాత మాటలు అందులోనుండి పోయినవి. ప్రజాహితం కొరకు ఇవ్వవచ్చుననే 8(2) మాత్రం మిగిలి ఉన్నది. పథకాల లబ్ధిదారుల జాబితాలు తెప్పించి అక్రమాలు బయటపెట్టినవారికి ఇది ఇబ్బంది కలిగించే మార్పు అని మా అభిప్రాయం.

మరి రెండు లోపాలు కూడ చెప్పకతప్పదు. భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చును. అది పోయేది ప్రభుత్వ ఖజానాకు. నష్టపోయిన మనిషికి పైసా రాదు. 2000 నాటి ఐ.టి. చట్టంలో నష్టపరిహారం అడిగే 43-ఎ సెక్షను ఒకటి ఉన్నది, కొత్త చట్టం దానిని తీసివేస్తున్నది. మరోవైపు, తప్పుడు ఫిర్యాదు చేసిన హక్కుదారుకు 10,000 రూపాయల దాకా జరిమానా కలదు. రెండు గేదెలున్న రైతుకు అది ఒక బిల్లుకు మించిన సొమ్ము. ఇక కేంద్ర ప్రభుత్వం తన శాఖలలో దేనినైనా ఈ చట్టం నుండి మినహాయించుకొనవచ్చును. ఫిర్యాదులు వినే డేటా రక్షణ బోర్డు సభ్యులను నియమించేది కూడ కేంద్ర ప్రభుత్వమే.

వేలిముద్ర సంగతి

గేదె చెవికి వేసే పసుపుపచ్చ పోగు మీద 12 అంకెలు ఉంటవి. ఆధార్‌లోనూ 12 అంకెలే. గేదె సంఖ్యను దారినపోయే వారెవరైనా చదువుకొనవచ్చును, అందుకే దానిని చెవికి వేస్తారు. మనిషి సంఖ్య అట్లు వ్రేలాడదీయవలసినది కాదు. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ళు సంపాదించి, వాటిమీది వేలిముద్రలను రబ్బరు స్టాంపుల పద్ధతిలో అచ్చుతీసి, ఇతరుల పేర వేలకొద్ది సిమ్ కార్డులు తీశాడు. అమ్మకాల లక్ష్యం చేరడం కొరకట. అదే పద్ధతిలో బ్యాంకు ఖాతా నుండి సొమ్ము కూడ లాగవచ్చునని తరువాత పలు రాష్ట్రాలలో జరిగిన మోసాలు చూపినవి. తాళం పోతే మార్చుకొనవచ్చును, బొటనవ్రేలు మార్చుకొనలేము.

కనుక మేము సభ్యులకు చెప్పేది ఇది. సంఘానికి ఆధార్ ఇవ్వవలసి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' నకలు ఇవ్వండి, దానిని ఆధార్ వెబ్‌సైటులో ఉచితంగా తీసుకొనవచ్చును. నకలు మీద అడ్డంగా ఏ పనికి, ఏ తేదీన ఇచ్చినదీ వ్రాసి సంతకం చేయండి. వేలిముద్రలకు తాళం వేసే సౌకర్యం కూడ అదే వెబ్‌సైటులో కలదు. రేషనుకో పింఛనుకో వేలిముద్ర వేయవలసిన రోజున తెరచి, మరల మూసుకొనవలసి ఉంటుంది. ఇంట్లో చదువుకొన్న పిల్లల సాయంతో చేసుకొనవచ్చును.

పాలకవర్గాలు 2027 మే వరకు ఆగవలసిన పని లేదు. జెరాక్సు కట్టలను బల్లమీద వదలక బీరువాలో పెట్టడానికి, యంత్రం పాస్‌వర్డు గోడమీద వ్రాయకుండ ఉండడానికి, పని మానిన గుమాస్తా ఫోనులోని ఫోటోలు తీయించడానికి, కంపెనీతో ఒప్పంద పత్రం వ్రాయించుకొనడానికి నియమాల కొరకు చూడనక్కరలేదు. వివరాలు పొక్కినట్లు తెలిస్తే సంబంధించిన ప్రతి సభ్యునికి వెంటనే చెప్పవలెను. బోర్డుకు 72 గంటలలోపు పూర్తి నివేదిక ఇవ్వవలెనని నియమం.

ఫిర్యాదు ఉన్న సభ్యుడు ముందుగా సంఘానికే వ్రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకొనవలెను. అక్కడ జవాబు రాకపోతే బోర్డుకు, బోర్డు నిర్ణయం మీద టెలికాం వివాదాల అప్పీలు ట్రిబ్యునలుకు వెళ్ళవచ్చును. ఖాతాలో సొమ్ము పోతే మాత్రం ఈ వరుస కొరకు ఆగరాదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను, తరువాత బ్యాంకుకు వెళ్ళవలెను. సొమ్ము ముందుకు కదలక ముందే ఆపడానికి వీలుండేది మొదటి కొద్ది గంటలలోనే. ఫోను చేసేటప్పుడు పాసుపుస్తకం, సొమ్ము పోయినట్లు వచ్చిన మెసేజి దగ్గర ఉంచుకొనండి. వారు ముందుగా అడిగేవి ఆ రెండే.