వి.పి.పి. పార్సెళ్లు – గతవ్యామోహం

పోస్టులో తెప్పించుకున్న వస్తువుల జ్ఞాపకాలు మన కథల్లో, స్వీయచరిత్రల్లో కనబడుతుంటాయి. పత్రికలో ప్రకటన, కార్డు ముక్క రాయడం, పోస్ట్‌మాన్ కోసం ఎదురుచూపు, గుడ్డలో కుట్టిన పార్సెలు, లక్క ముద్ర – అన్నీ మధురమైనవే. అయితే ఈ మాధుర్యం ఎవరిది? ఈ ప్రశ్న వేయడం విమర్శ బాధ్యత.

అమెరికాలో సియర్స్ కంపెనీ 1908 నుంచి 1940 వరకు ఏకంగా ఇళ్లనే కేటలాగు ద్వారా అమ్మింది. కలప, తలుపులు, మేకులు రైలులో వచ్చి దిగేవి. ఇళ్లు కాకపోయినా, మన దేశంలో దూరపు సరుకును గుమ్మంలోకి తెచ్చింది వి.పి.పి. 1877లో మొదలైన ఈ పద్ధతిలో సొమ్ము చెల్లించాకే పార్సెలు విప్పాలి. ఆ సొమ్ము మనియార్డరుగా అమ్మకందారుకు చేరేది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించి, 1908లో అక్కడే ఆంధ్రపత్రిక స్థాపించారు. సరుకు, ప్రకటన, పత్రిక మొదటినుంచీ ముడిపడే ఉన్నాయి. పుస్తకాలు కూడా పోస్టు మార్గానే పల్లెలకు చేరాయి. ఆ మేరకు దాని అభ్యుదయకర పాత్రను కాదనలేం.

కాని నాగర్‌కర్నూల్ ప్రాంతపు పల్లెల్లో మనియార్డరుకు మరో ముఖం ఉంది. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ఆనకట్టల, కాలువల పనులకు దేశమంతా వలసపోయారు. వాళ్ల కుటుంబాలకు పోస్టాఫీసు సరుకులొచ్చే చోటు కాదు. దూరాన కార్చిన చెమట డబ్బుగా తిరిగివచ్చే చోటు. చదువు రాని తల్లి వేలిముద్ర వేసి తీసుకున్న సొమ్ములో ఎంతో కొంత షావుకారు బాకీకే పోయేది. అదే మనియార్డరు ఒక ఇంటి నుంచి గడియారం ఖరీదుగా వెళ్లింది. మరో ఇంటికి జొన్న గటకగా వచ్చింది. గడియారాన్ని మాత్రమే తలచుకునే కథ పోస్ట్‌మాన్ సంచిలో సగమే చూస్తుంది.

గతాన్ని తలచుకోవడమే తప్పని కాదు. తెల్కపల్లి మండలం గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పల్లె పాట 2002లో ‘కుబుసం’ చిత్రంలో వచ్చింది. అందులోనూ పోయినవాటి మీద మమకారం ఉంది. అయితే ఆ పాట కన్నీటితో ఆగదు. చేతివృత్తులు కూలిన వైనం చెప్పి, కారణాలను నిలదీస్తుంది. వ్యామోహానికీ చారిత్రక దృష్టికీ తేడా ఇదే.

సరుకు మనుషుల మధ్య సంబంధాలను కప్పిపెడుతుందని మార్క్స్ ‘పెట్టుబడి’లో (1867) వివరించాడు. జ్ఞాపకం ఆ ముసుగును మరింత అందంగా కప్పగలదు. కనుక అపురూపమైన వస్తువు గురించి రాసేటప్పుడు, దాన్ని ఎవరు చేశారు, డబ్బు ఎక్కడిది, పొరుగింటికి అది ఎందుకు రాలేదు అని రచయిత అడగాలి. అప్పుడే ఇంట్లోని వస్తువు కథావస్తువు అవుతుంది. ఇవాళ ఫోనులో తెప్పించుకుంటున్న సరుకులూ రేపటికి జ్ఞాపకాలే. వాటిని మోసుకొచ్చే కుర్రవాడికి ఆ కథల్లో చోటుండాలి.