వార్తల్లో పదం: కేంద్ర కమిటీ

ప్రపంచ చర్చిల మండలి వార్త వచ్చిన ప్రతిసారీ ‘కేంద్ర కమిటీ’ అనే మాట వినిపిస్తుంది. 2025 జూన్‌లో జొహానెస్‌బర్గ్‌లో సమావేశమైంది అదే. జెనీవా కేంద్రంగా పనిచేసే ఈ మండలికి మహాసభే అత్యున్నత వేదిక. మహాసభల మధ్య కాలంలో విధానాలు నిర్ణయించే బాధ్యత కేంద్ర కమిటీది.

1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏర్పడిన మండలిలో ఇప్పుడు సుమారు 350 సభ్య చర్చిలున్నాయి. మహాసభ దాదాపు ఎనిమిదేళ్లకోసారి జరుగుతుంది. 1961లో న్యూఢిల్లీ, 2022లో జర్మనీలోని కార్ల్స్‌రూహే దానికి ఆతిథ్యమిచ్చాయి. సుమారు 150 మంది ఉండే కేంద్ర కమిటీని మహాసభే ఎన్నుకుంటుంది. కమిటీ సాధారణంగా రెండేళ్లకోసారి కలుస్తుంది.

నిర్ణయాలు తీసుకునే తీరు మరీ ఆసక్తికరం. మెజారిటీ ఓట్ల పద్ధతిలో తమ గొంతు వినిపించడం లేదని ఆర్థడాక్స్ చర్చిలు ఆందోళన వ్యక్తం చేయడంతో మండలి ఏకాభిప్రాయ బాట పట్టింది. చర్చ సాగుతుండగా ప్రతిపాదన నచ్చినవారు నారింజ రంగు కార్డు, నచ్చనివారు నీలం కార్డు చూపిస్తారు. నీలం కనిపిస్తే వారి అభ్యంతరం వినాల్సిందే. చిన్న చర్చికీ మాట దక్కే ఈ ఏర్పాటు మెచ్చుకోదగ్గది. ఎన్నికలు, బడ్జెట్ వంటివాటికి మాత్రం ఓటింగే.

మండలి తీర్మానాలు సభ్య చర్చిలపై ఆజ్ఞలు కావు; ఆచరించడం వాటి ఇష్టం. రోమన్ క్యాథలిక్ చర్చి ఇందులో సభ్యురాలు కాదు. దక్షిణ ఇండియా సంఘం, తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం సభ్యులే కాబట్టి, ఆ చర్చల్లో లక్షలాది తెలుగు క్రైస్తవులకూ భాగముంది.