రాగి చెంబు నీళ్ళు ఎప్పుడూ మంచివేనా?

రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి పొద్దున్నే తాగితే మంచిదని పెద్దవాళ్ళు అంటారు కదా. అది ఉత్త మాట కాదు. 2012లో బెంగుళూరు శాస్త్రవేత్తలు చూశారు. రాగి కుండలో 16 గంటలు ఉంచిన నీళ్ళలో కలరా, విరేచనాలు తెచ్చే బాక్టీరియా బతకలేదు. రాగి చాలా కొంచెంగా నీళ్ళలోకి కరుగుతుంది. అలా కరిగినవాటిని రాగి అయాన్లు అంటారు. అవి బాక్టీరియా పైపొరకి అతుక్కుని దాన్ని పాడు చేస్తాయి.

కానీ అయాను విడిగా ఉంటేనే బాగా చంపగలదు. వానాకాలం గెడ్డ నీళ్ళు ఎర్రగా వస్తాయి. అందులో బురద, కుళ్ళిన ఆకుల రసం ఉంటాయి. అవి రాగి అయాన్లని ముందే పట్టేసుకుంటాయి. ఇంక బాక్టీరియా దాకా వెళ్ళేవి ఎన్ని? రాగి ఉంది, పని మాత్రం తక్కువ. సబ్బు నురగ రాని బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ. అదీ బాక్టీరియా మీద చోటు కోసం రాగితో పోటీ పడుతుంది, సంత రోజు బస్సులో సీటుకి మనం పడ్డట్టు!

విరేచనాలు ఎక్కువయ్యేది వానల్లోనే. రాగి బిందె సరిగా పనిచెయ్యనిదీ అప్పుడే. కాబట్టి వార్డెన్ మేడమ్ గారూ, ఆ నెలల్లో నీళ్ళు వడకట్టించి, కాచి ఇప్పించండి.

పులుపు సంగతి వేరు. చింతపండు రసం, మజ్జిగ రాగిలో పోస్తే రాగి బాగా ఎక్కువ కరుగుతుంది. అంత రాగి మనకే వాంతులు తెప్పిస్తుంది. వంట చేసే రాగి గిన్నెలకి లోపల కళాయి పూసేది ఇందుకే.