12.4 రెండు సంతకాల ఏర్పాటు: లైబీరియా అనుభవం

లైబీరియాలో 1989లో మొదలైన అంతర్యుద్ధం, నడుమ కొంత విరామంతో, 2003 వరకు సాగింది. కాల్పులు ఆగినా ఖజానాకు పడ్డ చిల్లు పూడలేదు; తాత్కాలిక ప్రభుత్వంలోనూ ప్రజాధనం దారిమళ్లింది. అందువల్ల దాతలు 2005లో 'జెమాప్' ఒప్పందానికి పట్టుబట్టారు. అందులోని కీలకాంశాన్ని గమనించండి: కేంద్రబ్యాంకు, ఓడరేవులు, విమానాశ్రయం వంటి సంస్థల్లో ముఖ్యమైన చెల్లింపులకు స్థానిక అధికారి సంతకంతోపాటు విదేశీ నిపుణుడి సంతకమూ ఉండాలి. ఇది సార్వభౌమత్వానికి భంగం కాదా అని మీరు అడగవచ్చు. లైబీరియన్లలో చాలామంది అదే అడిగారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయినా 2006లో అధ్యక్షురాలైన ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ దీన్ని కొనసాగించారు. విదేశీ నిపుణుడు తప్పుడు చెల్లింపును ఆపగలడు. అతడు వెళ్లిపోయాక లెక్కలు చూడవలసిన గుమస్తాను తయారుచేయడం మాత్రం వేరే పని, ఏళ్లు పట్టే పని. సైన్యం విషయంలో ఇలాంటి మధ్యేమార్గం వెతకలేదు. పాత సైన్యాన్ని పూర్తిగా రద్దుచేసి, ఒక్కొక్క అభ్యర్థి గతాన్ని విచారించి, మళ్లీ మొదటినుంచి నియామకాలు చేపట్టారు.