స్తుతి – ముఖస్తుతి

భాషలో మాట స్థిరమైనది కాదు. కాలం మారినప్పుడు దాని అర్థమూ మారుతుంది. గౌరవార్థం గల మాట హీనార్థాన్ని పొందడాన్ని భాషాశాస్త్రంలో అర్థగ్రామ్యత అంటారు. వేదం చదివినవాడనే అర్థంగల ‘ఛాందసుడు’ నేడు చాదస్తం గలవాడైనాడు. దైవసేవ అయిన ‘కైంకర్యం’ పరుల సొమ్మును కాజేయడమైంది. పొగడ్తకు సంబంధించిన మాటలలో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఆంగ్లంలోని ‘ఫుల్‌సమ్’ అనే విశేషణానికి మొదటి అర్థం ‘సమృద్ధమైన’ అని. క్రమంగా అది వెగటు పుట్టించేంత మితిమీరిన పొగడ్తకు విశేషణమైంది. నేడు కొందరు దానిని మళ్ళీ ‘నిండైన’ అనే అర్థంలో వాడుతున్నారు. అందువల్ల ఆ మాట వినగానే అది మెప్పో, ఎత్తిపొడుపో సందర్భాన్ని బట్టి గ్రహించవలసి వస్తుంది.

తెలుగులోనూ ఇటువంటి మాటలు అనేకం. ‘స్తుతి’ పవిత్రమైన మాట. ‘ముఖ’ శబ్దం చేరగానే అది ముఖస్తుతియై చులకనైంది. ‘ఇచ్చకం’ అంటే ఎదుటివారి ఇచ్చకు తగినట్లు పలకడం, నేడది నిందావాచకం. రాజుల కీర్తిని గానం చేసిన ‘వందిమాగధులు’ నేటి పత్రికాభాషలో నాయకుల చుట్టూ చేరిన భజనపరులు. అయితే అన్ని మాటలకూ ఈ గతి పట్టలేదు. ‘ప్రశంస’, ‘ప్రశస్తి’ అనే రెండూ ‘శంస్’ ధాతువు నుండి పుట్టి నేటికీ గౌరవాన్ని నిలుపుకొన్నాయి.

ప్రశస్తి శాసనాలలో ఒక ముఖ్యభాగం. క్రీ.శ. 1213 నాటి రామప్పగుడి శాసనం కాకతీయ ప్రభువులను, ఆలయనిర్మాత రేచర్ల రుద్రుని వంశాన్ని కీర్తిస్తుంది. 2019లో ములుగు జిల్లా ఏర్పడేవరకు ఈ గుడి భూపాలపల్లి జిల్లాలోనిదే. శాసనకవి పొగడ్తలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని ఆ పొగడ్త వెనుక కంటికి కనిపించే ఆలయం ఉన్నది.

ప్రబంధాల అవతారికలలో కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు కవిసంప్రదాయంగా స్థిరపడ్డాయి. శ్రీనాథుడు కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. నేటి జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతన మాత్రం భాగవతాన్ని రాజులకు కాక శ్రీరామునికి అర్పించాడు. ఇద్దరూ స్తుతించినవారే. భేదమంతా స్తుతికి పాత్రుడెవరనే విషయంలోనే ఉన్నది.

మన ఆలంకారికులు ఈ సూక్ష్మాన్ని ఏనాడో గుర్తించారు. పైకి నిందగా తోచి స్తుతిగా, పైకి స్తుతిగా తోచి నిందగా పరిణమించేదాన్ని వ్యాజస్తుతి అన్నారు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం నిందాస్తుతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. మాట ఒకటే అయినా పలికేవాని ఉద్దేశమే అర్థాన్ని నిర్ణయిస్తుందని దీనివల్ల తెలుస్తుంది.

కావున విద్యార్థులు సన్మానపత్రం వ్రాసేటప్పుడు, సభలో ప్రసంగించేటప్పుడు జాగ్రత్త వహించాలి. కులవాచకాలను ముఖస్తుతికి పర్యాయపదాలుగా వాడడం అనుచితం. ‘ఆయన అపర భగీరథుడు’ అనడం సులభం. ‘ఆయన పూనుకొని ఊరిచెరువు పూడిక తీయించాడు’ అంటే ఆ మెప్పుకు సాక్ష్యం చెరువే. ప్రతివారిని ‘మహానుభావుడు’ అంటూ పోతే, నిజమైన మహానుభావుడు ఎదురైననాడు అనడానికి మనవద్ద మాట మిగలదు.