రేటు పెరిగితే మనకేంటి, పన్ను పెరగడం తప్ప?

మా పొన్నూరులో ఇంటి పన్ను ఒకప్పుడు ఇంటికొచ్చే అద్దె లెక్కన వేసేవాళ్లు. 2020లో రాష్ట్రం చట్టం మార్చింది. 2021 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ విలువే లెక్కయింది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమన్నారు. చిన్నమాటే అనిపిస్తుంది. కానీ వెయ్యి కట్టేవాడికి ఏటా అంత పెరిగితే అయిదేళ్లకి రెండు వేలు దాటుద్ది. స్థలం రేటు పెరిగితే ఏం, అమ్మితేగా ఆ డబ్బు చేతికొచ్చేది! ఆ ఇంట్లోనే ఉండేవాళ్లకి ఒరిగేదేంటి?

అట్లాగని పన్నే వద్దంటే ఊరు నడవదు. పైనుంచొచ్చే డబ్బుకి షరతులుంటాయి. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకీ, పారిశుధ్యానికే. పంచాయతీలకొచ్చిన సొమ్మయితే కరెంటు బకాయిల కింద మళ్లించారని సర్పంచులు రోడ్డెక్కలేదా? ఊళ్లో వసూలైన పన్నుకి ఆ ఎదురుచూపులుండవు. అందుకే నేననేది, ఉంటున్న ఇళ్లకి పెంపు తగ్గించి, రేటు కోసం కొని పడేసిన ఖాళీ స్థలాల పన్ను ముందు గట్టిగా వసూలు చెయ్యండి.