దమ్ము మడిలో ట్రాక్టరు: పట్టు, బరువు, స్టీరింగు

కృష్ణా పశ్చిమ డెల్టాలో తెనాలి నుంచి రేపల్లె దాకా, అటు కొమ్మమూరు కాలువ వెంట బాపట్ల వైపు, వరి నాట్లకు ముందు మళ్ళను దమ్ము చేసే ట్రాక్టరుకూ కంపెనీ నుంచి వచ్చిన ట్రాక్టరుకూ చాలా తేడా ఉంటుంది. రబ్బరు టైర్ల స్థానంలోనో, వాటి పక్కనో ఇనుప దమ్ము చక్రాలు చేరతాయి. వెనుక రోటవేటరు వేలాడుతుంది. ముందు బంపరుకు బరువులో, ఇసుక మూటలో తగులుతాయి. బండి స్వభావాన్నే మార్చేసే ఈ మార్పులు చాలావరకు ఊరి వెల్డింగు షెడ్డులో, అనుభవం చెప్పిన కొలతలతో జరిగిపోతాయి. వాటిలో ప్రతి ఒక్కటీ బండి బరువు ఏ చక్రం మీద ఎంత పడుతుందన్న లెక్కను కదిలిస్తుంది. ఆ లెక్క తప్పినప్పుడు మొదట దెబ్బతినేది స్టీరింగు, ఆ తరువాత నడిపే మనిషి ప్రాణం.

రాతి గుట్టలను ఎక్కడానికి ప్రత్యేకంగా మార్చుకునే జీపుల విషయంలోనూ, అంటే రాక్ క్రాలర్ల విషయంలోనూ, ఇదే సూత్రం నడుస్తుంది. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారి వంటి చోట్ల తిరిగే ఆ బండ్లకు పెద్ద టైర్లు వేసినవారు వెంటనే ఇంజను, విడి భాగాలు, అదనపు బరువులు వీలైనంత కిందికీ ముందుకీ ఉండేలా చూస్తారు. కొందరు ముందు టైర్లలో నీళ్ళు కూడా నింపుతారు. నిటారు రాయి ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారితే ముందు చక్రాలు గాలిలో తేలి, ఎటు తిప్పినా బండి వినని స్థితి వస్తుంది. బొర్రా దగ్గర కటిక జలపాతానికి రాళ్ళ దారిలో యాత్రికులను తీసుకుపోయే జీపులు పోటీ బండ్లేమీ కాకపోయినా ఆ సమస్య వాటికీ ఉంది. డెల్టాలో రాయి లేదు, బురద ఉంది. అయితే బురద మడిలోంచి గట్టు ఎక్కే ట్రాక్టరు ముందు చక్రాలకు ఎదురయ్యే పరిస్థితి రాతిని ఎక్కే జీపుకు ఎదురయ్యేదానికి భిన్నమైనది కాదు.

దమ్ము అంటే నీరు నిలిపిన మడిలో మట్టిని మెత్తని బురదగా కలియదున్నడం. డెల్టా బంకమట్టిలో దీనివల్ల మట్టి రేణువుల మధ్య ఖాళీలు పూడిపోయి నీరు కిందికి ఇంకడం తగ్గుతుంది, కలుపు మురిగిపోతుంది, నారు వేళ్ళు సులువుగా దిగుతాయి. ఏళ్ళ తరబడి ఒకే లోతులో దమ్ము చేయడంవల్ల ఆ బురద కింద ఒక గట్టి పొర ఏర్పడుతుంది. ట్రాక్టరు చక్రాలు నిజానికి నడిచేది ఆ పొర మీదనే. పొర గట్టిగా ఉన్నంతసేపు రబ్బరు టైరు కూడా ఎంతో కొంత లాగుతుంది. పొర పలచబడినచోట, కాలువ ఊట తగిలే మూలల్లో, ఉప్పుటేరుల వైపు పల్లపు మళ్ళలో పళ్ళు బురదతో నిండిపోయి టైరు నున్నటి డ్రమ్ములా తిరుగుతుంది. దమ్ము చక్రం పుట్టింది ఈ అవసరంలోంచే. ఇనుప చట్రానికి అడ్డంగా, కొంచెం వాలుగా బిగించిన యాంగిల్ పట్టీలు బురదను చీల్చుకుని దిగి గట్టి పొరను పట్టుకుంటాయి, పట్టీల మధ్య ఖాళీలోంచి బురద జారిపోతుంది. టైరును తీసేసి దాని బదులు వేసేది పూర్తి చక్రం, టైరును ఉంచి దాని పక్కన బోల్టులతో బిగించేది సగం చక్రం.

ఇక్కడొక విషయం సాధారణంగా గుర్తింపునకు రాదు. బురదలో రబ్బరు టైరు జారడం రైతుకు చికాకు కలిగించే మాట నిజమే గానీ, ఆ జారుడే ట్రాక్టరుకు రక్షణ కూడా. తక్కువ గేరులో ఇంజను వెనుక ఇరుసుకు పంపే తిప్పుడు బలం చాలా ఎక్కువ. ఆ బలానికి చక్రం తిరగనైనా తిరగాలి, జారనైనా జారాలి. రెండూ కుదరకపోతే చక్రం కదలకుండా ఉండి, బండి శరీరమే ఇరుసు చుట్టూ తిరగబోతుంది, అంటే ముందు భాగం పైకి లేస్తుంది. జారకుండా పట్టుకునే దమ్ము చక్రం వేయడమంటే ఆ రక్షణను తీసేయడమే. కాబట్టి వెనుక పట్టు పెంచిన ప్రతి మార్పుకూ జతగా ముందు ఇరుసు మీద బరువు పెంచే మార్పు ఒకటి జరగాలి. రెండోది జరగని బండిలో స్టీరింగు పనిచేయకపోవడం యంత్రం లోపం కాదు, బరువు లెక్కలో లోపం.

ఆ లెక్క చేయడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు రెండు టన్నుల బరువున్న, వెనుక చక్రాలకే నడక ఉన్న ట్రాక్టరును తీసుకుంటే, మామూలుగా దానిలో మూడో వంతుకు కొంచెం ఎక్కువగా, 700 కిలోల దాకా ముందు ఇరుసు మీద ఉంటుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. వెనుక ఇరుసుకు ఒక మీటరు వెనగ్గా 400 కిలోల రోటవేటరును లిఫ్టు మీద పైకెత్తితే, తక్కెడ సూత్రం ప్రకారం ముందు ఇరుసు మీద 200 కిలోలు తగ్గి 500 మిగులుతాయి. అలాగే ఎత్తి పట్టుకుని ఆ బండి 20 డిగ్రీల వాలున్న గట్టు ఎక్కిందనుకుంటే, గరిమనాభి, అంటే బండి బరువంతా కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు, నేలకు సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండటంవల్ల వాలు మీద బరువు వెనక్కి మళ్ళి ముందు 160 కిలోల దగ్గరకు పడిపోతుంది. స్టీరింగు నమ్మదగినట్టు పనిచేయాలంటే ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు, ఈ బండికయితే 400 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలని ఇంజనీర్లు పాటించే కొలమానం. క్లచ్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే ఆ మిగిలిన 160 కిలోలకూ దిక్కుండదు.

ముందు బంపరుకు వెనుక ఇరుసు నుంచి 2.6 మీటర్ల దూరంలో 100 కిలోల ఇనుప బరువు తగిలిస్తే ముందు ఇరుసు మీద 130 కిలోలు చేరతాయి, వెనుక 30 తగ్గుతాయి. ఇరుసుకు ముందుగా వేలాడే బరువుకున్న ఈ లాభం బానెటు మీద ఎక్కించిన బరువుకు ఉండదు. పైగా అది గరిమనాభిని పైకి తీసుకుపోతుంది. అయితే బరువు పెంచుకుంటూ పోవడానికీ హద్దుంది, ఎందుకంటే ముందు టైర్లు సన్ననివి, ఎక్కువ బరువు మోపితే బురదలోకి దిగబడి నాగలిలా మట్టిని నెట్టుకుంటూ పోతాయి. అందువల్ల దమ్ము కాలంలో మొత్తం బరువును తగ్గించి, ఉన్నదానిలో ముందు వాటాను పెంచడం సరైన పద్ధతి. పొడి దుక్కి కోసం వెనుక టైర్లలో ముప్పాతిక వంతు దాకా నింపిన నీళ్ళు, ఒక్కో టైరులో 150 కిలోల వరకు ఉండేవి, దమ్ముకు దిగేముందు తీసేయాలి. వెనుక చక్రాలకు బిగించిన పోత ఇనుము బరువులనూ విప్పాలి. చాలామంది నీళ్ళు తీయరు. పొడి దుక్కి నాటి బరువు బురదలో భారమే తప్ప పట్టు కాదన్నది గ్రహించక, బండి దిగబడుతోందని మరింత పెద్ద దమ్ము చక్రాలు చేయించడం కనబడుతుంది. ఇంకొందరు ముందు బంపరు మీద ఒక మనిషిని కూర్చోబెడతారు. ఇనుప చక్రాలున్న బండికి ముందు మనిషిని బరువుగా వాడటమంటే, కాలు జారితే అతడు పడేది ఆ చక్రాల కిందనే.

పనిముట్టును బట్టి కూడా బరువు కదులుతుంది. గొర్రు, నాగలి వెనక్కి లాగుతాయి. లాగుడు బలాన్ని అది తగిలే ఎత్తుతో గుణించి, ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే ముందు నుంచి వెనక్కి మారే బరువు వస్తుంది. రోటవేటరు అలా కాదు. ఇంజను శక్తితో తిరిగే దాని కత్తులు నేలను తన్నుతూ ట్రాక్టరును ముందుకే నెడతాయి. కాబట్టి మడి మధ్యలో పని జరుగుతున్నంతసేపు సమస్య తక్కువ. గట్టు దగ్గర రోటవేటరును ఎత్తి, బండిని మలుపు తిప్పే ఆ కొద్ది క్షణాల్లోనే బరువు వెనక్కి పోవడం, ముందు తేలికవడం, మలుపు అవసరం కావడం మూడూ కలిసివస్తాయి. రోటవేటరును నేల నుంచి కొద్దిగా మాత్రమే ఎత్తి తిప్పడం మేలు.

మలుపు గురించి ఇంకొంత చెప్పుకోవాలి. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉన్నా రెండు ముందు చక్రాలూ నేలను వదలవు. రాక్ క్రాలర్లు ఎంతో ఖర్చు పెట్టి సంపాదించుకునే ఈ సౌకర్యం ట్రాక్టరుకు పుట్టుకతోనే ఉంది. దీనికి మరో ముఖం కూడా ఉంది: బండి నిజానికి నాలుగు మూలల మీద కాక రెండు వెనుక చక్రాలు, ఆ మధ్య పిన్ను కలిసిన త్రిభుజం మీద నిలబడుతుంది, గరిమనాభి ఆ త్రిభుజం అంచు దాటితే పక్కకు ఒరుగుతుంది. కాలువ గట్ల మీద ఇరుకు దారుల్లో వెనుక చక్రాల మధ్య ఎడం పెంచుకోవడం వల్ల మేలు కలిగేది ఇందుకే. స్టీరింగు తిప్పినప్పుడు లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలన్న ఏర్పాటు గుర్రపు బగ్గీల నాటిది. దానికి 1818లో లండన్‌లో అకర్‌మన్ పేరుతో పేటెంటు వచ్చింది. రెండు ముందు చక్రాలనూ కలిపే టై రాడ్డు వంగినా, పొడవు తేడా వచ్చినా ఆ అమరిక చెడి, ఒక చక్రం మరో చక్రంతో పోట్లాడుతూ బురదను పక్కకు నెట్టడం మొదలవుతుంది.

వెనుక చక్రాల ఎత్తు మారినప్పుడు జరిగేది తక్కువమందికి తెలుసు. ముందు చక్రాలు తిరిగే నిలువు పిన్ను కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. తిప్పి వదిలిన స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి కారణం ఆ వాలు. టైరు కంటే ఎత్తయిన దమ్ము చక్రం వేస్తే బండి వెనుక భాగం లేచి ఆ వాలు తగ్గుతుంది, స్టీరింగు తేలికై దారి పట్టకుండా ఊగుతుంది. నాలుగు చక్రాలకూ నడక ఉన్న ట్రాక్టర్లలో ఇబ్బంది మరింత లోతుకు పోతుంది. వాటిలో ముందు చక్రాలు వెనుకవాటి కంటే నూటికి ఒకటి నుంచి అయిదు పాళ్ళు వేగంగా నడిచేలా గేర్ల నిష్పత్తి ఉంటుంది. వెనుక చక్రం చుట్టుకొలత మారితే ఆ లెక్క తప్పి ముందు వెనుకల మధ్య పెనుగులాట మొదలవుతుంది. బురద జారుడులో అది కొంత సర్దుకున్నా, గట్టి నేల మీద ఆ భారం గేర్లే మోయాలి. కొత్త దమ్ము చక్రాలు చేయించేటప్పుడు చుట్టుకొలతను టైరు చుట్టుకొలతతో సరిచూసుకోవడం ఒక తాడుతో అయ్యే పని.

ముందు పట్టు చాలనప్పుడు డ్రైవర్లు ఆశ్రయించేది విడి బ్రేకులను. ఎడమ వెనుక చక్రానికి ఒకటి, కుడిదానికి ఒకటి ఉండే ఆ పెడళ్ళలో ఒకదాన్ని తొక్కితే ఆ చక్రం ఆగి, వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ ద్వారా అది రెండో చక్రానికి పోయి బండి ఆగిన చక్రం చుట్టూ తిరుగుతుంది. రెండు చక్రాలనూ ఒకే వేగంతో కట్టేసే డిఫరెన్షియల్ లాకు పడి ఉంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు, స్టీరింగు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. రోడ్డెక్కగానే రెండు పెడళ్ళనూ గొళ్ళెంతో కలపడం మరచినవారు ఒక్క చక్రానికే బ్రేకు పడి కాలువలోకి మళ్ళే ప్రమాదం తెచ్చుకుంటారు.

ట్రాక్టరు వెనక్కి తిరగబడటం కొత్త సమస్య కాదు. 1917లో హెన్రీ ఫోర్డు మార్కెట్లోకి తెచ్చిన ఫోర్డ్‌సన్ ఈ విషయంలో చెడ్డపేరే తెచ్చుకుంది. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ నాగలిని గొలుసుతో ఈడ్చే పద్ధతి మాని, కింద రెండు, పైన ఒకటి చొప్పున మూడు లింకులతో ట్రాక్టరుకు తగిలించే ఏర్పాటును రూపొందించాడు. నాగలి రాయికో వేరుకో తగిలినప్పుడు పై లింకు ట్రాక్టరును ముందుకు నెట్టి ముందు చక్రాలను నేలకు అదిమిపెడుతుంది. 1939 నాటి ఫోర్డు 9ఎన్‌తో ఆ ఏర్పాటు ప్రపంచమంతటా పాకింది. ఇప్పటి ప్రతి ట్రాక్టరు వెనుకా ఉన్న టాప్ లింకు అదే. ఆ లింకు తగిలే చోటికే గొలుసు కట్టి దిగబడిన బండినో, మొద్దునో లాగేవారు ఫెర్గూసన్ సాధించినదాన్ని తలకిందులు చేస్తున్నారు. లాగే తాడు కింది డ్రాబారుకే కట్టాలి.

దిగబడ్డ ట్రాక్టరు దగ్గర జరిగే పొరపాట్లలో ఘోరమైనది మరొకటి ఉంది. వెనుక చక్రానికి అడ్డంగా దుంగ కట్టి ముందు గేరులో బయటికి రాబట్టే ప్రయత్నంలో, దుంగ నేలకు ఆనగానే చక్రం ఆగిపోయి బండి శరీరం పైకి లేస్తుంది. ముప్పావు సెకనులో వెనక్కి రాలేని స్థితి దాటి, సెకనున్నర లోపు బండి బోర్లా పడుతుంది. ప్రమాదాన్ని గుర్తించి మనిషి క్లచ్ తొక్కడానికి సాధారణంగా ఆ ముప్పావు సెకను కంటే ఎక్కువ కాలమే పడుతుంది. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడే ఇనుప చట్రాన్ని తప్పనిసరి చేసింది. ఆ చట్రం లేని బండిని ముందు గేరులో కాక, వచ్చిన దారినే రివర్సులో మెల్లగా వెనక్కి తీయాలి. రాకపోతే మట్టి తవ్వి, మరో ట్రాక్టరుతో డ్రాబారు ద్వారా లాగించాలి.

మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర సంస్థ ఇచ్చే నివేదికల్లో ముందు ఇరుసు మీద ఎంత, వెనుక ఇరుసు మీద ఎంత అన్న బరువులు ఉంటాయి. అవి కంపెనీ నుంచి వచ్చిన బండివి. వెల్డింగు షెడ్డులో మారిన బండి బరువును తెలుసుకోవాలంటే తెనాలి చుట్టుపక్కల రైసుమిల్లుల్లో ఉన్న లారీ కాటాలు చాలు. దమ్ము చక్రాలతో రోడ్డెక్కకూడదు కాబట్టి వాటిని ట్రక్కులో వేసుకుపోయి కాటా దగ్గరే బిగించుకోవాలి. రోటవేటరును పైకెత్తి ఉంచి, ముందు చక్రాలను మాత్రమే కాటా పలక మీదికి ఎక్కించి ఒకసారి, మొత్తం బండిని ఎక్కించి మరోసారి తూచి, రెండో అంకెలోంచి రోటవేటరు బరువును తీసేస్తే ట్రాక్టరు సొంత బరువు వస్తుంది; మొదటి అంకె అందులో అయిదో వంతుకు తగ్గితే తేడా కిలోలను బంపరు ముందు వేలాడదీయాలి. ఇరుసుకు ఎంత ముందుగా వేలాడదీస్తే అంత తక్కువ ఇనుము పడుతుంది.